బజ్జీని తిట్టే ముందు తూచి చూడండి!

సాయంత్రం నాలుగు చినుకులు పడితే చాలు, మన కాళ్లు వాటంతట అవే బజ్జీల బండి వైపు నడుస్తాయి. బాణలిలో నూనె కాగుతూ ఉంటుంది. శనగపిండిలో ముంచిన మిరపకాయ అందులో పడగానే చుయ్యిమంటుంది. ఆ చప్పుడు వింటే నోట్లో నీళ్లూరనిది ఎవరికి?

ఇంతకీ ఆ చప్పుడు ఏమిటి? ఆ బుడగలు ఎక్కడివి? బజ్జీ నూనెను ఎప్పుడు పీలుస్తుంది? బాణలిలో ఉన్నప్పుడా, బయటికి తీశాకా? పాతికేళ్లకు పైగా సైన్సు పాఠాలు చెబుతున్నా నేను ఈ ప్రశ్నలు ఎన్నడూ వేసుకోలేదు. నా చేత వాటిని వేయించింది తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి.

ఆ రోజు పాఠం పోషకాహారం గురించి. "బజ్జీలు, పకోడీలు విషంతో సమానం. బండ్ల మీద అమ్మేవి అసలే ముట్టుకోకండి" అని ఆవేశంగా చెప్పాను. పిల్లలు కొందరు వెనక్కి తిరిగి ఆఖరి బెంచీ వైపు చూశారు. అక్కడ ఒక అమ్మాయి తల వంచుకుని కూర్చుంది. వాళ్లమ్మ బస్టాండు పక్కన బజ్జీల బండి నడుపుతుందని నాకు తెలియదు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ బండి వల్లనే.

గంట కొట్టాక ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది. "సార్, మా అమ్మ చేసే బజ్జీలో నూనె ఎంత ఉంటుందో మీరు తూచారా?"

నేను తూచలేదు. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గు వేసింది. కొలవకుండా తీర్పు చెప్పేవాడు సైన్సు మాస్టారు ఎలా అవుతాడు? "తూచలేదమ్మా. ఆదివారం అందరం కలిసి తూద్దాం" అన్నాను.

మొదటి తూకం చేసిన మోసం

ఆదివారం వాళ్ల ఇంటి వరండాలో చిన్న బాణలి పెట్టాం. వంటగదిలో వాడే ఎలక్ట్రానిక్ త్రాసు నేను పట్టుకెళ్లాను. నలుగురైదుగురు పిల్లలు నోటు పుస్తకాలతో వచ్చారు. పొయ్యి దగ్గర పని మాత్రం వాళ్లమ్మగారిదే.

పిండిలో ముంచిన పచ్చి బజ్జీని తూచాం. వేయించి తీసి మళ్లీ తూచాం. ఏమైందనుకున్నారు? బరువు పెరగలేదు సరికదా, తగ్గింది!

"చూశారా సార్, మా అమ్మ బజ్జీ నూనె తాగనే తాగదు" అని ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. తక్కిన పిల్లలు నా ముఖం వైపు చూశారు. త్రాసు అబద్ధం చెప్పదు. మరి ఇది ఎలా?

మీరు కూడా చదవడం ఆపి, ఒక్క నిమిషం ఆలోచించండి.

జవాబు ఆ బుడగల్లో ఉంది. పచ్చి బజ్జీలో నీరు చాలా ఉంటుంది. పిండిని నీటితోనే కలిపాం. మిరపకాయలో కూడా ఎక్కువ భాగం నీరే. వేయించేటప్పుడు ఈ నీటిలో కొంత ఆవిరై పోతుంది. అదే సమయంలో కొంత నూనె లోపలికి వస్తుంది. పోయిన నీరు వచ్చిన నూనె కన్నా ఎక్కువైతే మొత్తం బరువు తగ్గుతుంది. జేబులోంచి పది రూపాయల బిళ్లలు జారిపోయి, రూపాయి బిళ్లలు చేరితే సంచీ తేలిక కాదా? తేలికైనంత మాత్రాన కొత్త బిళ్లలు చేరలేదని అనలేం.

కాబట్టి తూచవలసింది బజ్జీని కాదు, నూనెను! వేయించక ముందు బాణలిని నూనెతో సహా తూచాలి. బజ్జీలన్నీ వేయించి, నూనె పూర్తిగా చల్లారాక, అడుగున చేరిన పిండి నలుసులను వడగట్టి తీసి, మళ్లీ తూచాలి. ఆ తేడాను బజ్జీల సంఖ్యతో భాగిస్తే ఒక్కో బజ్జీ తీసుకున్న నూనె తెలుస్తుంది. గరిటెకూ నలుసులకూ అంటిన కొద్దిపాటి నూనె కూడా ఈ లెక్కలో కలుస్తుంది. అందుకే ఒక్క బజ్జీతో కాకుండా పది బజ్జీలతో ప్రయోగం చేస్తే పొరపాటు తగ్గుతుంది.

బుడగలే కాపలా

బజ్జీలు వేయించే నూనె ఉష్ణోగ్రత సుమారు 160 నుంచి 190 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఉంటుంది. నీరు మరిగేది 100 డిగ్రీల దగ్గర. కాబట్టి పిండి నూనెలో పడగానే దాని పైపొరలోని నీరు ఒక్కసారిగా ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే వందల రెట్లు ఎక్కువ చోటు కావాలి. ఆ ఆవిరి పిండిని చీల్చుకుని, నూనెను నెట్టుకుని బయటికి దూకుతుంది. మనకు కనిపించే బుడగలూ, వినిపించే చుయ్యిమనే చప్పుడూ అదే. కాగేది నూనె అయినా మరిగేది నీరు!

ఇక్కడ ఒక చిత్రం గమనించండి. ఆవిరి బలంగా బయటికి వస్తున్నంత సేపూ నూనె లోపలికి పోవడం కష్టం. జాతర గుడి ద్వారంలో జనం గుంపుగా బయటికి వస్తుంటే మీరు ఎదురు వెళ్లగలరా? అలాగే ఆవిరి బజ్జీకి కాపలా కాస్తుంది.

మరి నూనె ఎప్పుడు దూరుతుంది? ఎక్కువ భాగం బజ్జీని బయటికి తీశాక! బజ్జీ చల్లబడుతుంటే దాని సందుల్లో మిగిలిన ఆవిరి మళ్లీ నీరవుతుంది. నీరైతే చోటు తగ్గుతుంది, లోపల పీడనం పడిపోతుంది. పైపొరకు అంటుకున్న నూనెను ఆ సందులు లోపలికి లాగేసుకుంటాయి. దీపపు వత్తి నూనెను పైకి లాగే గుణం ఉంది కదా, ఆ కేశనాళికీయత కూడా ఈ పనిలో చేయి కలుపుతుంది. అంటే బాణలిలోంచి తీసిన తొలి క్షణాలే అసలు క్షణాలు. బేసినులో కుప్పగా పోసి పదిహేను నిమిషాల తర్వాత కాగితంతో అద్దితే లాభం తక్కువ. అప్పటికే నూనె లోపలికి పోయి ఉంటుంది.

నూనెకు తెరిచి ఉన్న తలుపులు

ఇది తెలిశాక నూనె దూరే తలుపులు ఎక్కడెక్కడ ఉన్నాయో మేము ఒక్కొక్కటిగా వెతికాం.

మొదటి తలుపు, కాగని నూనె. నూనె చాలినంత వేడి లేకపోతే ఆవిరి బలహీనంగా వస్తుంది. పైపొర గట్టిపడటం ఆలస్యమవుతుంది. బజ్జీ నూనెలో ఎక్కువసేపు నానుతుంది. ఒకేసారి బాణలి నిండా బజ్జీలు వేసినా ఇదే ప్రమాదం. చల్లని పిండి ఎక్కువగా పడితే నూనె వేడి చప్పున పడిపోతుంది. అలాగని పొగ వచ్చేదాకా కాచకూడదు. అప్పుడు పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది, నూనె కూడా చెడుతుంది. ఒక చుక్క పిండి వేస్తే అది అడుగుకు పోయి వెంటనే పైకి తేలాలి. పెద్దలకు ఈ గుర్తు బాగా తెలుసు. ఒక హెచ్చరిక! బడి ప్రయోగశాలలోని థర్మామీటరును నూనెలో పెట్టకండి. అది సాధారణంగా 110 డిగ్రీల వరకే కొలుస్తుంది. మరుగు నీటికి పనికివస్తుంది గాని కాగే నూనెలో పగిలిపోతుంది.

రెండో తలుపు, పిండి. పలచని పిండిలో నీరు ఎక్కువ. ఆ నీరంతా ఆవిరై పోయిన చోట ఖాళీ సందులు మిగులుతాయి. వాటిలోకి నూనె చేరుతుంది. వంటసోడా సంగతి కూడా ఇంతే. వేడికి వంటసోడా విడిపోయి కార్బన్ డయాక్సైడు వాయువును ఇస్తుంది. ఆ వాయువు పిండిని గుల్లగా చేస్తుంది. తినడానికి బాగుంటుంది గాని స్పాంజి వంటి ఆ గుల్లలు నూనెకు గదులవుతాయి. పైగా సోడాలోని క్షారగుణం వల్ల శనగపిండిలోని థయమిన్ అనే బి1 విటమిను కొంత నశిస్తుంది.

మూడో తలుపు, ఆకారం. నూనె ఎప్పుడూ ఉపరితలం మీదుగానే లోపలికి పోవాలి. 2 సెంటీమీటర్ల భుజం గల ఘనాన్ని తీసుకోండి. దాని ఉపరితల వైశాల్యం 24 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 1 సెంటీమీటరు భుజం గల ఎనిమిది ఘనాలుగా కోయండి. ఘనపరిమాణం మారలేదు, కాని ఉపరితల వైశాల్యం 48 చదరపు సెంటీమీటర్లు అయింది. సరిగ్గా రెట్టింపు! అందుకే కరకరలాడే చిన్న చిన్న పకోడీలు, అదే బరువు గల పెద్ద బజ్జీ కన్నా ఎక్కువ నూనె పట్టుకోగలవు.

నాలుగో తలుపు, పాత నూనె. నూనెను మళ్లీ మళ్లీ కాస్తే గాలిలోని ఆక్సిజనుతోనూ, పిండిలోంచి వచ్చే నీటితోనూ చర్య జరిగి దాని అణువులు విరిగి కొత్త పదార్థాలు ఏర్పడతాయి. నూనె నల్లబడి చిక్కబడుతుంది. చిక్కని నూనె తొందరగా జారిపోదు, బజ్జీని పట్టుకునే ఉంటుంది. ఇలా ఏర్పడే పదార్థాలు కొన్ని ఒంటికి మంచివి కావు. వాటిని కొలవడానికి ఒక పద్ధతి ఉంది. మన దేశంలో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో ఒక నియమాన్ని అమలులోకి తెచ్చింది. కాచిన నూనెలో ధ్రువ పదార్థాలు మొత్తం 25 శాతం దాటితే దాన్ని వంటకు వాడరాదు. ఆ ఏడాదే వాడిన నూనెను సేకరించి జీవ డీజిలు తయారీకి పంపే పథకం కూడా మొదలైంది. బజ్జీ వేయించిన నూనె బండిని నడిపించగలదన్న మాట!

అసలు లెక్క ఎంత?

ఒక గ్రాము పిండిపదార్థం నుంచి సుమారు 4 కిలోకేలరీల శక్తి వస్తుంది. ఒక గ్రాము మాంసకృత్తుల నుంచి కూడా అంతే. ఒక గ్రాము కొవ్వు నుంచి మాత్రం 9 కిలోకేలరీలు వస్తాయి. రెట్టింపు కన్నా ఎక్కువ. నూనె అంతా కొవ్వే.

మీ ప్రయోగంలో 10 బజ్జీలు 60 గ్రాముల నూనె తీసుకున్నాయని అనుకుందాం. ఒక్కో బజ్జీకి 6 గ్రాములు, అంటే 54 కిలోకేలరీలు నూనె నుంచే వచ్చాయి. మూడు తింటే 18 గ్రాములు. ఇది ఎక్కువా, తక్కువా? దీనికి కొలబద్ద కావాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయులకు ఆహార మార్గదర్శకాలను విడుదల చేసింది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ ఇది. రోజుకు 2000 కిలోకేలరీలు కావలసిన మనిషి భోజనపు పళ్లెంలో ఆ సంస్థ చూపిన నూనె, కొవ్వుల వాటా 27 గ్రాములు. అదే పళ్లెంలో కూరగాయలు 400 గ్రాములు.

మన లెక్కలో మూడు బజ్జీలతోనే ఆ 27 గ్రాముల్లో మూడింట రెండు వంతులు అయిపోయాయి. ఇంకా మధ్యాహ్నం తాలింపు ఉంది, రాత్రి కూర ఉంది. నెలకొకసారి వానలో తింటే భయం లేదు. రోజూ సాయంత్రం తింటే లెక్క తప్పుతుంది. కాబట్టి "విషం" అన్న నా మాట తప్పు. "ఎన్ని, ఎన్నాళ్లకు?" అని అడగడమే సరైన ప్రశ్న.

అలాగని నూనె మనకు శత్రువు కాదు. ఎ, డి, ఇ, కె విటమినులు కొవ్వులోనే కరుగుతాయి. క్యారెట్‌లోని బీటా కెరోటిన్ మన ఒంటికి బాగా పట్టాలన్నా కొద్దిగా నూనె ఉండాలి. కావలసింది కొద్దిగానే సుమా!

రుచిని విడదీసి చూద్దాం

"నూనె తగ్గించి మిరపకాయ బజ్జీ రుచి తేలేమా సార్?" అన్నది పిల్లల తరువాతి ప్రశ్న. మంచి ప్రశ్న. గడియారం విప్పినట్టు ముందు రుచిని విడదీయాలి. బజ్జీలో మనకు నచ్చేవి ఏమిటి?

ఒకటి కారం. ఇది క్యాప్సైసిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. చాలామంది కారం గింజల్లో ఉందనుకుంటారు. నిజానికి గింజలు అంటుకుని ఉండే తెల్లని భాగంలో అది ఎక్కువగా తయారవుతుంది. మన నాలుక మీది నాడుల్లో వేడిని పసిగట్టే గ్రాహకం ఒకటి ఉంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి అది మేల్కొంటుంది. క్యాప్సైసిన్ వచ్చి తాకినా అది అలాగే మేల్కొని "మంట, మంట" అని మెదడుకు కబురు పంపుతుంది. కారం రుచి కాదు, దొంగ మంట! ఈ గ్రాహకాన్ని 1997లో కనుగొన్నది డేవిడ్ జూలియస్ బృందం. అందుకు ఆయనకు 2021లో నోబెల్ బహుమతి లభించింది. క్యాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు. అందుకే కారం తిని నీళ్లు తాగితే మంట పోదు, మజ్జిగో పాలో తాగితే తగ్గుతుంది.

ఇంకో విశేషం. మనం ఇంత సొంతం చేసుకున్న మిరప మన నేలలో పుట్టినది కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. 1498లో వాస్కోడిగామా కాలికట్ చేరాక పోర్చుగీసు వర్తకుల ద్వారా అది మన దేశానికి వచ్చింది. అంతకు ముందు మనవాళ్లు కారానికి మిరియాలనూ పిప్పళ్లనూ వాడేవారు. అమెరికా పంట గుంటూరు పేరుతో పేరు తెచ్చుకున్నట్టే, వంట కూడా కాలంతో మారుతుంది. కాబట్టి బజ్జీ రూపం మార్చితే తప్పేమీ లేదు.

రెండు పులుపు. మిరపకాయ పొట్టలో కూరే చింతపండు ముద్దలోని టార్టారిక్ ఆమ్లానిది ఆ గొప్ప. మూడు వాము ఘాటు. అది థైమాల్ అనే పదార్థానిది. నాలుగు, పైన ఎర్రగా కరకరలాడే పొర. శనగపిండిలో 100 గ్రాములకు సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. వాటిలోని అమైనో ఆమ్లాలు చక్కెరలతో కలిసి వేడికి ఎర్రని రంగునూ కమ్మని వాసననూ ఇస్తాయి. 1912లో ఈ చర్యను వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుని పేరు మీద దీన్ని మయ్యార్ చర్య అంటారు. ఇది సుమారు 140 డిగ్రీలు దాటితేనే చురుగ్గా జరుగుతుంది. ఆవిరి మీద ఉడికే ఇడ్లీ 100 డిగ్రీలు దాటదు కనుక ఎంతసేపు ఉంచినా ఎర్రబడదు.

చూశారా! కారానికీ, పులుపుకీ, వాము ఘాటుకీ నూనె బాణలితో పని లేదు. ఎర్రని పొరకు మాత్రమే మంచి వేడి కావాలి. ఆ వేడి నూనె నుంచే రావాలని లేదు. కాలిన ఇనుము నుంచి వచ్చినా చాలు.

అలాంటి ఇనుప పరికరం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. రాయలసీమలో గుంత పొంగణాలు పోసే పెనం!

కూరగాయల బజ్జీ పొంగణాలు

కావలసినవి: శనగపిండి 150 గ్రాములు, బియ్యపు పిండి రెండు పెద్ద చెంచాలు, సొరకాయ తురుము ఒక కప్పు, క్యారెట్ తురుము అర కప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ ఒకటి, పాలకూర లేక మెంతికూర తరుగు గుప్పెడు, బజ్జీ మిరపకాయలు మూడు, వాము అర చెంచా, చిక్కని చింతపండు గుజ్జు ఒక చెంచా, ఉప్పు తగినంత.

సొరకాయ తురుములో ఉప్పు కలిపి పది నిమిషాలు ఉంచండి. తురుము చుట్టూ నీరు ఊరుతుంది. బయట ఉప్పు ఎక్కువై, కణాల్లోని నీరు పొర దాటి వస్తుంది. మీ పాఠంలోని ద్రవాభిసరణమే ఇది. ఆ నీటిని పారబోయకండి. దానితోనే పిండి కలపండి. మిరపకాయలను చక్రాలుగా తరగండి. కారం తక్కువ కావాలంటే లోపలి తెల్లని భాగం తీసివేయండి. అన్నీ కలిపి, చాలకపోతే కొద్దిగా నీరు పోసి, గరిటె జారుగా కాకుండా గట్టిగా ఉండేలా చూడండి. ఆ పిండిని అయిదు నిమిషాలు బాగా గిలకొట్టండి. సోడా చేసే పనిని లోపల చిక్కుకున్న గాలి కొంతవరకు చేస్తుంది.

పెనం బాగా కాగాక ఒక్కో గుంతలో పావు చెంచా నూనె వేసి, పిండి ముప్పావు వంతు నింపి, మూత పెట్టి మంట తగ్గించండి. అడుగు ఎర్రబడ్డాక పుల్లతో తిప్పి, మూత లేకుండా రెండో వైపు కాల్చండి. పన్నెండు గుంతల పెనమైతే రెండు వాయిలు వస్తాయి. తీశాక పొంగణాన్ని మధ్యకు చీల్చి, ఉల్లి ముక్కలు పెట్టి నిమ్మరసం పిండండి.

ఇక్కడ వేడి ఎలా నడుస్తుందో గమనించండి. బాణలిలో నూనె కదులుతూ అన్ని వైపుల నుంచీ వేడిని అందిస్తుంది. అది సంవహనం. పెనంలో ఇనుము తాకిన చోటే వేడి సూటిగా అందుతుంది. అది వహనం. మరి పైభాగం ఎలా ఉడుకుతుంది? అందుకే మూత. కూరగాయల్లోంచి లేచిన ఆవిరి మూత కింద చిక్కి, చల్లని పిండి మీద మళ్లీ నీరవుతుంది. ఒక గ్రాము ఆవిరి నీరైతే సుమారు 540 కేలరీల గుప్తోష్ణం విడుదలవుతుంది. ఇవి చిన్న కేలరీలు. ఆహారం లెక్కలో చెప్పే కిలోకేలరీ వీటికి వెయ్యి రెట్లు. ఆ గుప్తోష్ణమే పైభాగాన్ని ఉడికిస్తుంది. రెండో వైపు తిప్పాక మూత తీయడం ఎందుకు? ఆవిరి వెళ్లిపోయి పొర పొడిబారితేనే కరకరలాడుతుంది.

ఇక నూనె లెక్క. పన్నెండు గుంతలకు పావు చెంచా చొప్పున మూడు చెంచాలు. చెంచాకు 5 మిల్లీలీటర్లు అనుకుంటే 15 మిల్లీలీటర్లు. నూనె నీటి కన్నా తేలిక కనుక అది సుమారు 14 గ్రాములు. ఒక్కో పొంగణానికి గ్రాము పైచిలుకు మాత్రమే. సందులు ఎన్ని ఉన్నా అంతకు మించి నూనె పట్టదు. గుంతలో ఉన్నదే అంత! వేయించేటప్పుడు ఎంత తాగాలో బజ్జీ నిర్ణయిస్తుంది. ఇక్కడ నిర్ణయం మన చెంచాది.

మళ్లీ ఆ బండి దగ్గరికి

ఆ ఆదివారం రెండు రకాలుగా బజ్జీలు వేయించాం. మొదటిసారి మామూలుగా. రెండోసారి పిండి కాస్త గట్టిగా కలిపి, సోడా మానేసి, బాణలిలో తక్కువ బజ్జీలు వేసి, ప్రతి వాయికీ నూనె కాగనిచ్చి, తీసిన వెంటనే చిల్లుల గరిటెలో పది లెక్కపెట్టేదాకా నూనె మీదనే విదిలించి, తెల్ల కాగితం మీద అద్ది. రెండుసార్లూ నూనెను ముందూ వెనుకా తూచాం. రెండోసారి ఖర్చయిన నూనె తక్కువ. ఆమె త్రాసు మీది అంకెలను కొంతసేపు చూసి, "ఇన్నాళ్లూ ఊరికే పోయిన నూనె నా డబ్బే కదా సారూ!" అన్నారు. నేను చెప్పాలనుకున్న పాఠం ఆమె నా కన్నా సూటిగా చెప్పారు.

పొంగణాలు కూడా అందరం తిన్నాం. అవి మిరపకాయ బజ్జీలా ఉన్నాయా? లేవు. నిజం చెప్పాలి. బజ్జీ చుట్టూ ఉండే ఆ పలచని కరకర పెనం మీద పూర్తిగా రాదు. కాని కారం ఉంది, పులుపు ఉంది, వాము ఘాటు ఉంది, మధ్యలో క్యారెట్ తీపి ఉంది. పిల్లలు రెండో వాయి కోసం ఎదురుచూశారు. నాకు అదే సాక్ష్యం.

ఇప్పుడు ఆ బండి మీద బాణలి పక్కన చిన్న పొయ్యి, దాని మీద పొంగణాల పెనం ఉన్నాయి. చాలామంది బజ్జీలే అడుగుతారు. డాక్టరు నూనె తగ్గించమన్నవాళ్లు కొందరు పొంగణాలు అడుగుతారు. అచ్చు సిరాలో హానికరమైన రసాయనాలు ఉంటాయి కనుక వార్తాపత్రిక ముక్కలకు బదులు ఆకు దొన్నెలు వచ్చాయి. ఆ అమ్మాయి ఇప్పుడు ఆఖరి బెంచీలో కూర్చోవడం లేదు. నేను పోషకాహార పాఠం చెప్పేటప్పుడు "విషం" అన్న మాట వాడటం లేదు.

మీరూ చేసి చూడండి

పొయ్యి దగ్గర పని ఇంట్లో పెద్దవాళ్లు చేయాలి. తూకం, లెక్క మీవి. వేడి నూనెను ఎన్నడూ తూచకండి, కదపకండి, అందులో నీటి చుక్క పడనివ్వకండి. నూనె పూర్తిగా చల్లారాకే త్రాసు దగ్గరికి తీసుకెళ్లండి.

1. పది బజ్జీలు వెంటనే విదిలించి అద్దండి. మరో పది అలాగే బేసినులో వదిలేయండి. రెండుసార్లూ బాణలిలోని నూనె ఎంత తగ్గిందో చూడండి. అద్దిన కాగితాన్ని ముందూ తరువాతా తూచి, ఆ నూనెను మాత్రం లెక్కలోంచి తీసివేయండి. అది బజ్జీలోకి పోలేదు కదా!

2. ఒకే పిండితో చిన్న పునుగులు, పెద్ద పునుగులు వేయించండి. వంద గ్రాముల పిండికి ఏవి ఎక్కువ నూనె తీసుకున్నాయి? ఘనాల లెక్కతో పోల్చండి.

3. వేయించే బజ్జీ చుట్టూ బుడగలు మొదట ఎక్కువగా, తరువాత తక్కువగా వస్తాయి. ఎందుకు? బజ్జీ "అయింది" అని పెద్దలు బుడగలను చూసి ఎలా చెబుతారో అడిగి తెలుసుకోండి.

ఈసారి ఎవరైనా "ఇది మంచిది, అది చెడ్డది" అని గట్టిగా చెబితే, వాళ్లు మీ సైన్సు మాస్టారైనా సరే, మర్యాదగా ఒక్క మాట అడగండి: "తూచారా సార్?"